ఒళ్లు వదిలేసిన పసికందు: కండరాల బిగువు పరీక్ష నుంచి కారణం దాకా

"బిడ్డ మెత్తగా ఉంది" అని స్టాఫ్ నర్సు అన్నా, "ఎత్తుకుంటే తోటకూర కాడలా వాలిపోతున్నాడు" అని అమ్మమ్మ అన్నా చెప్పేది ఒకటే. ఆ తర్వాత ఏం చేయాలన్న దగ్గరే తడబాటు. ఎంఆర్‌ఐ ముందా, జన్యు పరీక్ష ముందా అని అడుగుతూనే ఉంటారు. రెండూ ముందు కాదు. మొదట గ్లూకోమీటరు, తర్వాత మీ రెండు చేతులు, ఆ తర్వాత తల్లి చెయ్యి. తల్లి చెయ్యి ఎందుకో ఆరో అంకెలో ఉంది.

ఇది ఎస్‌ఎన్‌సీయూ (జబ్బు చేసిన పసికందుల ప్రత్యేక విభాగం) డ్యూటీ డాక్టర్లు, పీజీలు, స్టాఫ్ నర్సుల కోసం రాసింది. వయసు పరిమితి మొదటి 28 రోజులు. తల్లిదండ్రులు చదివితే మంచిదే. కానీ నాలుగో అంకెలోని ఎత్తి పట్టుకునే పరీక్షలు ఇంట్లో చేయకండి.

మొదలుపెట్టే ముందు రెండు మాటలు వేరు చేసుకోవాలి. బిగువు అంటే, బిడ్డ ఊరికే ఉన్నప్పుడు మనం కాలో చెయ్యో కదిపితే కండరం ఇచ్చే ఎదురు. బలం అంటే, బిడ్డ తనంతట తాను ఆ కాలిని పక్క మీద నుంచి పైకి లేపగలగడం. బిగువు తగ్గిన బిడ్డలందరికీ బలం తగ్గి ఉండదు. మొత్తం రోగనిర్ధారణ ఈ తేడా మీదే నడుస్తుంది. కేస్ షీటులో "హైపోటోనియా" (బిగువు తగ్గడం) అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే ఈ తేడా అక్కడే పోతుంది.

## 1. ముందు ప్రాణం, తర్వాత పరీక్ష

పుట్టిన బిడ్డ ఒళ్లు వదిలేయడానికి మామూలు కారణాలు కండరాల జబ్బులు కావు. చక్కెర పడిపోవడం, ఒళ్లు చల్లబడటం, ఇన్ఫెక్షన్, ఆక్సిజన్ అందకపోవడం. ఇవి నిమిషాల్లో తేలతాయి, నిమిషాల్లోనే చికిత్స మొదలవ్వాలి.

వరుస ఇది:

- శ్వాస: పూర్తి నిమిషం లెక్కపెట్టండి. 60 దాటినా, మధ్యలో ఆగుతున్నా, పెదాలు నీలంగా ఉన్నా మిగతా పరీక్ష పక్కన పెట్టండి.
- ఉష్ణోగ్రత: చంకలో 36.5 నుంచి 37.5 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. తక్కువైతే వార్మర్ కింద పెట్టి వెచ్చబడ్డాకే టోన్ (బిగువు) చూడండి.
- చక్కెర: డెసిలీటరుకు 45 ఎంజీ కంటే తక్కువ ఉండి బిడ్డ మెత్తబడి ఉంటే అది లక్షణంతో కూడిన హైపోగ్లైసీమియా. 10% డెక్స్‌ట్రోజ్ కిలోకు 2 మి.లీ. నరంలోకి ఇచ్చి, వెంటనే నిమిషానికి కిలోకు 6 ఎంజీ చొప్పున డ్రిప్ మొదలుపెట్టండి. అరగంటలో మళ్లీ చూడండి.
- ఇన్ఫెక్షన్: పాలు మానేసిన, చల్లబడిన, మెత్తబడిన బిడ్డకు ఇన్ఫెక్షన్ కాదని తేలేవరకూ ఇన్ఫెక్షనే అనుకోండి. బ్లడ్ కల్చర్ తీసి యాంటీబయాటిక్ ఇవ్వండి. మందు ఎంపికలో ఒక చిక్కు ఉంది, తొమ్మిదో అంకె చూడండి.
- కాల్షియం, సోడియం, మెగ్నీషియం, బ్లడ్ గ్యాస్: నరం దొరికిన మొదటిసారే పంపండి.

నిన్నటిదాకా బాగా పాలు తాగిన బిడ్డ ఇవాళ మెత్తబడితే దారి వేరు. అది ఇన్ఫెక్షన్, మెదడులో రక్తస్రావం, లేదా జీవక్రియ లోపం. పుట్టినప్పటి నుంచీ మెత్తగానే ఉంటే మిగతా జాబితా తెరవాలి.

## 2. తల్లినీ కేస్ షీటునూ అడగాల్సినవి

పది నిమిషాలు కూర్చుని అడిగితే సగం దారి తెలుస్తుంది. లేబర్ రూమ్ డిశ్చార్జ్ స్లిప్‌లో ఇవేవీ ఉండవు కాబట్టి నేరుగా తల్లినే అడగండి.

కడుపులో ఉన్నప్పుడు: "బిడ్డ బాగా తిరిగేవాడా?" అంటే అందరూ తిరిగాడనే అంటారు. "పెద్దోడితో పోలిస్తే వీడు ఎలా తిరిగాడు?" అని అడగండి. కదలిక తక్కువ, ఉమ్మనీరు ఎక్కువ, ఎదురుకాళ్లతో ఉండటం, ఈ మూడూ కలిసి కనిపిస్తే బలహీనత కడుపులోనే మొదలైనట్టు. మింగలేని బిడ్డ ఉమ్మనీరు తాగలేదు, అందుకే నీరు పెరుగుతుంది.

కాన్పు సమయంలో: తల్లికి ఫిట్స్ రాకుండా మెగ్నీషియం సల్ఫేట్ ఇచ్చారా? మొత్తం ఎన్ని గ్రాములు, చివరి డోసు ఎప్పుడు? ప్రిచర్డ్ పద్ధతిలో మొదటి విడతకే 14 గ్రాములు వెళ్తాయి, ఆపై నాలుగు గంటలకోసారి 5 గ్రాములు. అది మాయ దాటి బిడ్డలోకి వస్తుంది. బిడ్డ మూత్రం ద్వారా బయటికి పంపేదాకా మెత్తగా, శ్వాస మందంగా ఉండొచ్చు. డయాజిపామ్, ట్రమడాల్ లాంటివి ఇచ్చారేమో కూడా చూడండి.

పుట్టిన క్షణం: 5, 10 నిమిషాల ఆప్గార్ (పుట్టగానే బిడ్డ స్థితికి వేసే స్కోరు), ఎంతసేపు బ్యాగింగ్ (బ్యాగు, మాస్కుతో ఊపిరి అందించడం) చేశారు, బొడ్డుతాడు రక్తం పీహెచ్ చూశారా.

కుటుంబం: మేనరికమా? మేనమామా, మేనబావా, ఎంత దగ్గరి చుట్టరికం? మొదటి బిడ్డ ఎవరైనా నెలల వయసులో "నిమోనియాతో" పోయారా? ఈ చివరి ప్రశ్న మొహమాటపడకుండా అడగాలి. స్పైనల్ మస్కులర్ అట్రోఫీ, అంటే ఎస్‌ఎంఏ (వెన్నుపాములో కండరాలను కదిపే నాడీకణాలు చచ్చిపోయే జన్యు జబ్బు) ఉన్న బిడ్డ చివరికి పోయేది చాలాసార్లు నిమోనియాతోనే. ఇంట్లో వాళ్లకు గుర్తుండేది కూడా ఆ పేరే.

## 3. పరీక్షకు సిద్ధం చేసుకోవడం

ఒకే బిడ్డకు ఉదయం ఒకరు "టోన్ నార్మల్" అని, సాయంత్రం ఇంకొకరు "ఫ్లాపీ" అని రాస్తారు. చాలాసార్లు ఇద్దరూ చూసింది వేర్వేరు స్థితుల్లో ఉన్న బిడ్డను.

- పాలు తాగి గంట, గంటన్నర అయ్యాక చూడండి. కడుపు నిండగానే ప్రతి బిడ్డా మత్తుగా వేలాడుతుంది. ఆకలి మీద ఉంటే ఏడుపుతో బిగుసుకుంటుంది.
- బిడ్డ కళ్లు తెరిచి, ఏడవకుండా ఉండాలి.
- బట్టలు పూర్తిగా తీసి, డైపర్ కూడా విప్పి, వార్మర్ కింద ఉంచండి.
- తల నడిమధ్యన ఉండాలి. తల కుడికి తిరిగి ఉంటే కుడి చెయ్యి చాపుకుంటుంది, ఎడమ చెయ్యి ముడుచుకుంటుంది. అది రిఫ్లెక్స్. దాన్ని చూసి ఒక పక్క పడిపోయిందని రాసినవాళ్లు ఉన్నారు.
- చిన్న టార్చి, చిన్న రిఫ్లెక్స్ హ్యామర్, తల చుట్టుకొలతకు టేపు దగ్గర పెట్టుకోండి.
- పుట్టిన మొదటి కొన్ని గంటల్లో చూసింది నమ్మకండి. 24 గంటల తర్వాత మళ్లీ చూసి రెండూ పక్కపక్కన రాయండి.

ఇక వారాలు. బిగువు కాళ్ల నుంచి పైకి పెరుగుతుంది. 28 వారాల బిడ్డ నాలుగూ చాపుకుని పడి ఉంటుంది. 32కి కాళ్లలో ముడుపు మొదలవుతుంది. 34కి కాళ్లు కప్పలా ముడుచుకుని చేతులు చాపి ఉంటుంది. 36కి చేతులూ ముడవడం మొదలుపెడుతుంది. నెలలు నిండాక నాలుగూ దగ్గరికి ముడుచుకుని ఉంటుంది. అంటే కప్ప భంగిమ 34 వారాలకు ఆరోగ్యం, 39 వారాలకు జబ్బు. తేదీలు తెలియకపోతే ముందు బల్లార్డ్ స్కోరు (బిడ్డను చూసి వారాలు అంచనా కట్టేది) వేయండి. కానీ ఆ స్కోరులో సగం బిగువే కాబట్టి, మెత్తటి బిడ్డలో చర్మం, అరికాలి గీతలు, చెవి, రొమ్ము మొగ్గల భాగాన్నే నమ్మండి.

## 4. బిగువు చూసే వరుస

తక్కువ కదిపేవి ముందు, ఎక్కువ కదిపేవి చివర. ఎత్తి వేలాడదీసే పరీక్షతో మొదలుపెడితే బిడ్డ ఏడుస్తుంది, మిగతావన్నీ పోతాయి.

4.1 చేతులు పెట్టకుండా చూడటం, 2 నిమిషాలు. వాచీ చూసి పూర్తిగా రెండు నిమిషాలు. తొడలు రెండూ పక్కకు పడి పరుపును తాకుతున్నాయా? చేతులు పక్కన చచ్చుబడినట్టున్నాయా? ఊపిరి పీల్చినప్పుడు పొట్ట లేస్తూ ఛాతీ లోపలికి పోతోందా? ఛాతీ గంట ఆకారంలో ఉందా? తనంతట తాను ఏవి కదుపుతోంది? ఎక్కువమంది వదిలేసేది ఈ అడుగునే. చాలా సమాచారం ఉండేదీ ఇక్కడే.

4.2 చెయ్యి వెనక్కి ముడుచుకోవడం. మోచేతులు రెండూ పూర్తిగా మడిచి 5 సెకన్లు పట్టుకోండి. తర్వాత చాపి వదిలేయండి. నిండు బిడ్డ చేతులు చటుక్కున ముడుచుకుంటాయి. మెల్లగా వచ్చినా, అసలు రాకపోయినా బిగువు తక్కువ.

4.3 కండువా పరీక్ష. బిడ్డ చెయ్యి పట్టుకుని మెడ మీదుగా అవతలి భుజం వైపు కండువాలా లాగండి. నిండు బిడ్డలో మోచెయ్యి ఛాతీ మధ్యగీత దగ్గర ఆగిపోతుంది. అది దాటి అవతలి చంక వైపు పోతే బిగువు తక్కువ.

4.4 మోకాలి వెనక కోణం. తుంటి పరుపుకు ఆనాలి. తొడను పొట్ట మీదకు మడిచి, బిడ్డ స్థిమితపడ్డాక చీలమండ వెనక ఒక వేలితో మెల్లగా పైకి చాపండి. ఎదురు రాగానే ఆపండి. నిండు బిడ్డలో అది 90 డిగ్రీలు, అటూ ఇటూ. 120 దాటి తేలిగ్గా వస్తే రాసుకోండి. ఎదురుకాళ్లతో, కాళ్లు చాపుకుని పుట్టిన బిడ్డలో మొదటి ఒకటి రెండు రోజులు ఈ కోణానికి విలువ లేదు.

4.5 లాగి కూర్చోబెట్టడం. మణికట్ల దగ్గర పట్టుకుని నెమ్మదిగా లేపండి. నిండు బిడ్డ తల కొంచెం వెనక పడుతుంది, అది మామూలే. చూడాల్సినవి రెండు. మోచేతుల్లో కొద్దిగా ముడుపు వచ్చి మీ లాగుడుకు ఎదురు ఇస్తోందా? కూర్చున్న స్థితికి వచ్చేసరికి తల ఒకటి రెండు సెకన్లైనా నిలబడుతోందా? చేతులు తాడులా సాగి, తల పూర్తిగా వెనక్కి వేలాడి, కూర్చోబెట్టాక ముందుకు ధబాలున పడితే గట్టి ఆధారం.

4.6 చంకల్లో పట్టి నిలువుగా ఎత్తడం. ఛాతీని అదమకుండా చంకల కింద చేతులు పెట్టి ఎత్తండి. నిండు బిడ్డ భుజాలు మీ చేతుల మీద ఆగుతాయి. మెత్తటి బిడ్డ చేతులు పైకి పోయి కిందికి జారిపోతుంది. పరుపుకు అరచెయ్యి ఎత్తులోనే చేయండి, ఇంకొకరు కింద చేతులు పెట్టాలి. ఇదే స్థితిలో కాళ్లు కత్తెరలా బిగుసుకుంటే సమస్య మెదడులో ఉన్నట్టు.

4.7 బోర్లా ఎత్తడం. ఒక అరచేతి మీద ఛాతీ ఆనించి 5 సెకన్లు. నిండు బిడ్డ వీపు కొంచెం వంగినా తల నడుమకు కాస్త దిగువనే ఆగుతుంది, మోచేతులూ మోకాళ్లూ ముడిచే ఉంటాయి. మెత్తటి బిడ్డ తడిబట్ట ఆరేసినట్టు రెండు వైపులా వేలాడుతుంది.

ఆక్సిజన్ మీద, సీప్యాప్ మీద, వెంటిలేటర్ మీద ఉన్న బిడ్డకు 4.5 నుంచి 4.7 వద్దు. మొదటి నాలుగూ, తర్వాత చెప్పబోయే బలం పరీక్షా చాలు. కష్టమైన కాన్పు అయి మెడ మీద అనుమానం ఉంటే కూడా అంతే.

పద్ధతిగా స్కోరు వేయాలనుకుంటే హామర్‌స్మిత్ నియోనేటల్ నాడీ పరీక్ష పత్రం వాడండి. అందులో 34 అంశాలు ఉంటాయి. పక్కనే బొమ్మలు ఉండటంతో ఇద్దరు చూసినా ఒకేలా రాస్తారు.

## 5. బలం ఉందా?

ఇక్కడే దారి రెండుగా చీలుతుంది.

అరికాలి మీద చూపుడువేలితో టకటకా తట్టండి. కాలిని పక్క మీద నుంచి పూర్తిగా లేపి లాక్కుంటే బలం ఉంది. కాలి వేళ్లు, పాదం మాత్రమే కదిలి, తొడ పక్కకే అతుక్కుపోయి ఉంటే బలం లేదు. చేతుల్లోనూ అదే: ముంజేయి పైకి లేస్తోందా, పక్క మీద పాకుతోందా? ఆ తర్వాత మీరే కాలిని లేపి వదలండి. బలం ఉన్న బిడ్డ ఒక క్షణం ఆపుతుంది, లేని బిడ్డ కాలు దబ్బున పడుతుంది.

ఏడుపు వినండి. గట్టిగా మొదలై కొనసాగుతోందా, పిల్లికూనలా ఉండి తొందరగా అలసిపోతోందా? చేతి తొడుగు వేసుకుని చిటికెన వేలు నోట్లో పెట్టి చప్పరింపు ఎంతసేపు నిలుస్తోందో లెక్కపెట్టండి. పాలు ముక్కులోంచి వస్తున్నాయా అని తల్లిని అడగండి.

మత్తుగా ఉన్న బిడ్డ కదలకపోతే బలం లేదని రాయొద్దు. మేలుకొలిపి, మళ్లీ తట్టి, అప్పుడు రాయండి.

## 6. ముఖం, నాలుక, మోకాలు, తల్లి చెయ్యి

ముఖం. ఒళ్లంతా కదలకపోయినా కళ్లు చురుగ్గా మిమ్మల్ని వెంబడిస్తున్నాయా? నుదురు ముడుస్తోందా? అలా ఉంటే ఎస్‌ఎంఏ గుర్తుకు రావాలి. పుట్టిన వారాల్లో ఈ బిడ్డల ముఖం మామూలుగా, చూపు తెలివిగా ఉంటుంది. దానికి ఎదురుగా, ముఖంలో భావమే లేక, పై పెదవి గుడారంలా పైకి లేచి నోరు తెరుచుకునే ఉంటే కండరం జబ్బు, అందులోనూ పుట్టుకతో వచ్చే మయోటోనిక్ డిస్ట్రోఫీ. రెప్పలు వాలిపోయి, పాలు తాగేకొద్దీ చప్పరింపు మందగిస్తుంటే నరం కండరాన్ని కలిసేచోట లోపం.

నాలుక. బిడ్డ నిద్రలో ఉన్నప్పుడు నోరు మెల్లగా తెరిచి, టార్చి వేసి నాలుక అంచులు చూడండి. చర్మం కింద పురుగులు పాకినట్టు సన్నని అలలు కనిపిస్తే అవి ఫాసిక్యులేషన్లు, వెన్నుపాములోని నాడీకణాలు దెబ్బతిన్న గుర్తు. ఏడుస్తున్నప్పుడు ప్రతి బిడ్డ నాలుకా వణుకుతుంది. అది లెక్కలోకి రాదు.

మోకాలి రిఫ్లెక్స్. తల నడిమధ్య, మోకాలు సగం మడిచి, మూడు నాలుగుసార్లు తట్టండి. పుట్టిన బిడ్డలో అన్నిటికన్నా నమ్మదగినది ఇదే. అసలు రాకపోతే ఎస్‌ఎంఏ లేదా నరాల జబ్బు వైపు. చురుగ్గా వస్తే మెదడు వైపు. కండరం జబ్బుల్లో తక్కువగా వస్తుంది, బలం పూర్తిగా పోతే రాదు. పాదాన్ని చటుక్కున పైకి నెడితే చీలమండ ఐదారుసార్లు కొట్టుకోవడం పసికందుకు మామూలే.

తల్లి చెయ్యి. తల్లిని మీ రెండు వేళ్లను గట్టిగా పది సెకన్లు పట్టుకోమని చెప్పి, ఒక్కసారిగా వదలమనండి. వేళ్లు మెల్లగా, ఒక్కొక్కటిగా తెరుచుకుంటే అది మయోటోనియా. బొటనవేలి కింది కండను హ్యామర్‌తో తట్టి కూడా చూడొచ్చు. పుట్టుకతో వచ్చే మయోటోనిక్ డిస్ట్రోఫీ దాదాపు ఎప్పుడూ తల్లి నుంచే వస్తుంది. చాలామంది తల్లులకు తమకు జబ్బుందని తెలియదు. బిడ్డలో మాత్రం పుట్టగానే మయోటోనియా కనిపించదు, అందుకే బిడ్డ చేతిలో వెతకొద్దు. ఇదే చోట తల్లిని ఒక నిమిషం రెప్పవేయకుండా పైకి చూడమనండి. రెప్పలు వాలిపోతే మయస్తీనియా గ్రావిస్, అంటే నరం కండరాన్ని కలిసేచోట వచ్చే జబ్బు. అలాంటి తల్లి బిడ్డకు పుట్టిన గంటల నుంచి మూడు రోజుల్లోపు తాత్కాలిక బలహీనత రావొచ్చు.

మిగతా ఒళ్లు:

- పైకి వాలిన కళ్లు, చదునైన ముఖం, అరచేతిలో ఒకే అడ్డగీత, కాలి బొటనవేలి పక్క సందు: డౌన్ సిండ్రోమ్. బిగువు తక్కువ, బలం ఉంటుంది. గుండె ఎకో తప్పనిసరి.
- చప్పరింపు దాదాపు లేదు, వృషణాలు దిగలేదు, బాదంగింజ కళ్లు: ప్రాడర్ విల్లీ.
- తలపై మెత్తచోటు చాలా పెద్దది, నుదురు ఎత్తు, కాలేయం పెద్దది, ఫిట్స్: జెల్వెగర్.
- నాలుక పెద్దది, ఎక్స్‌రేలో గుండె పెద్దది: పాంపే జబ్బు.
- కీళ్లు బిగుసుకుపోయి పుట్టడం, తుంటి తప్పడం, పాదం వంకర: కడుపులో ఉండగానే కదలిక తగ్గింది.
- ముఖం, చూపు బాగుండి, ఒక గీత నుంచి కిందికే కదలిక లేకుండా, మూత్రాశయం ఉబ్బి ఉంటే వెన్నుపాము దెబ్బ. కష్టమైన ఎదురుకాళ్ల కాన్పు తర్వాత దీన్ని తప్పకుండా వెతకండి.

## 7. మెదడా, దాని కిందా?

మెదడు వైపు లాగేవి: మత్తు, ఫిట్స్, చూపు నిలపకపోవడం, బలం ఉండటం, చురుకైన రిఫ్లెక్స్‌లు, పిడికిలి విప్పకపోవడం, తల చుట్టుకొలత తేడా, ముఖంలో ప్రత్యేక లక్షణాలు. మెత్తటి బిడ్డల్లో ఎక్కువమంది ఈ వైపే.

కింది వైపు లాగేవి: తెలివైన చూపు, కాళ్లు చేతులు లేపలేకపోవడం, రిఫ్లెక్స్ లేకపోవడం, నాలుక అలలు, సన్నటి ఏడుపు, పొట్ట ఊపిరి.

రెండూ కలిసేవి ఉన్నాయి, జాగ్రత్త. కండరం బలహీనంగా ఉన్న బిడ్డ పుట్టగానే ఊపిరి తీసుకోలేక మెదడుకు ఆక్సిజన్ అందక రెండు దెబ్బలూ తినొచ్చు.

## 8. ల్యాబ్ పరీక్షల వరుస

మొదటి రోజు: ఒకటో అంకెలోవి. వాటితో పాటు లాక్టేట్, అమ్మోనియా, తలకు అల్ట్రాసౌండ్. అమ్మోనియా రక్తాన్ని చేతికి పట్టీ కట్టకుండా, ధారగా వచ్చేది తీసి, ఐసులో పెట్టి వెంటనే ల్యాబుకు చేర్చండి. గది వేడిలో అరగంట ఉన్న గొట్టంలో అమ్మోనియా తనంతట తానే పెరుగుతుంది. పక్క గదిలో యంత్రం లేని చోట ఈ పరీక్ష తప్పుదారి పట్టించడమే ఎక్కువ.

72 గంటల తర్వాత: టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష). పుట్టిన వెంటనే అది సహజంగానే ఎగబాకుతుంది కాబట్టి తొందరపడొద్దు.

వారం దాటాక: సీకే, అంటే కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్. మామూలు కాన్పు ఒత్తిడికే మొదటి రోజుల్లో సీకే బాగా పెరుగుతుంది. ఒకటో రోజు సీకే ఎక్కువుందని కండరం జబ్బు అనడం తప్పు. వారం తర్వాత కూడా వేలల్లోనే ఉంటే పుట్టుకతో వచ్చే మస్కులర్ డిస్ట్రోఫీ ఆలోచించాలి. ఎస్‌ఎంఏలో సీకే మామూలుగానో, కాస్త ఎక్కువగానో ఉంటుంది. కండరంలోకి ఇంజెక్షన్ ఇచ్చినా, ఈఎంజీ (సూదితో కండరంలో విద్యుత్తు చూసే పరీక్ష) చేసినా సీకే పెరుగుతుంది, అందుకే ముందు రక్తం తీయండి.

ఎంఆర్‌ఐ: మెదడు వైపు గుర్తులుంటేనే. ఆక్సిజన్ అందని బిడ్డలో 4 నుంచి 7 రోజుల మధ్య తీస్తే బాగా తెలుస్తుంది.

జన్యు పరీక్షలు. డబ్బు వృథా అయ్యేది ఇక్కడే. "అన్నీ కలిపి ఎక్సోమ్ పంపేద్దాం" అనుకుంటారు. ఎక్సోమ్ అంటే జన్యువుల్లో ప్రొటీన్ తయారుచేసే భాగాలన్నీ ఒకేసారి చదివే పరీక్ష. కానీ పసికందు మెత్తదనానికి ముఖ్యమైన కొన్ని కారణాలు మామూలు ఎక్సోమ్‌లో దొరకవు, దొరికినా నమ్మలేం. వాటికి విడి పరీక్ష అడగాలి:

- ఎస్‌ఎంఏ: ఎస్‌ఎంఎన్‌1 జన్యువుకు ఎంఎల్‌పీఏ (జన్యువు ప్రతులు ఎన్ని ఉన్నాయో తేల్చే పరీక్ష). రోగుల్లో దాదాపు 95 శాతం మందిలో ఈ జన్యువు 7వ ఎక్సాన్ రెండు ప్రతుల్లోనూ లేకపోవడమే కారణం.
- ప్రాడర్ విల్లీ: మిథైలేషన్ పరీక్ష. 99 శాతానికి పైగా పట్టేస్తుంది.
- మయోటోనిక్ డిస్ట్రోఫీ: డీఎంపీకే జన్యువులో పునరావృతాల లెక్క.
- డౌన్ సిండ్రోమ్: క్యారియోటైప్.

ఇవి కాదని తేలాకే ఎక్సోమ్. క్యారియోటైప్ నార్మల్ అని వస్తే "జన్యువులు నార్మల్" అని తల్లిదండ్రులకు చెప్పకండి. అది క్రోమోజోముల లెక్క, అంతే.

డీఎన్‌ఏ పరీక్షకు ఈడీటీఏ గొట్టంలో 2 మి.లీ., క్యారియోటైప్‌కు హెపారిన్ గొట్టంలో. గొట్టాలను ఫ్రీజర్‌లో పెట్టొద్దు. రక్తం ఎక్కించే ముందే తీయండి. బిడ్డ దక్కడం కష్టమనిపిస్తే, అనుమతి తీసుకుని డీఎన్‌ఏ రక్తం దాచండి. తర్వాతి కాన్పుకు ఆ కుటుంబానికి అదొక్కటే ఆధారం.

ఈఎంజీ, కండరం ముక్క పరీక్ష ఇప్పుడు చివరి మెట్టు. పసికందుల్లో చేసేవాళ్లూ, చదివేవాళ్లూ తక్కువ.

## 9. పొరపాట్లు, దిద్దుబాట్లు

"బర్త్ ఆస్ఫిక్సియా" (పుట్టేటప్పుడు ఆక్సిజన్ అందకపోవడం) ముద్ర. అన్నిటికన్నా ఖరీదైన పొరపాటు ఇది. పుట్టగానే ఏడవలేదు, ఒళ్లు మెత్తగా ఉంది, కాబట్టి ఆస్ఫిక్సియా అని రాసేస్తారు. ఆధారం అడగండి: బొడ్డుతాడు ధమని రక్తంలో పీహెచ్ 7.0 కంటే తక్కువ, బేస్ డెఫిసిట్ 12 లేదా ఎక్కువ, 5, 10 నిమిషాల ఆప్గార్ 5 కంటే తక్కువ, ఆపై మత్తు, ఫిట్స్, మూత్రపిండాలు, కాలేయం మీద ప్రభావం. ఇవేవీ లేకుండా, చూపు తెలివిగా ఉన్న మెత్తటి బిడ్డకు ఆ ముద్ర వేస్తే ఎస్‌ఎంఏ నెలల తరబడి ఫిజియోథెరపీ గదిలో దాక్కుంటుంది. *దిద్దుబాటు:* 7వ రోజు కూడా కాళ్లు లేపకపోతే రోగనిర్ధారణ కొట్టేసి మొదటి నుంచి చూడండి.

ఫినోబార్బిటోన్ (ఫిట్స్ మందు) తర్వాత టోన్ పరీక్ష. కిలోకు 20 ఎంజీ లోడింగ్ ఇచ్చాక బిడ్డ మెత్తబడటం మందు వల్లే కావొచ్చు. పసికందులో అది రోజుల తరబడి నిలుస్తుంది. *దిద్దుబాటు:* మందుకు ముందు రెండు నిమిషాలైనా చూసి రాయండి. మందు సమయం పక్కనే వేయండి.

జెంటామైసిన్, అమికాసిన్. మయస్తీనియా, బొట్యులిజం (ఒక బాక్టీరియా విషంతో వచ్చే బలహీనత), మెగ్నీషియం ఎక్కువైన బిడ్డల్లో ఈ మందులు నరం కండరాన్ని కలిసేచోట ఇంకా దెబ్బతీసి ఊపిరి ఆపేయగలవు. *దిద్దుబాటు:* రెప్పలు వాలినా, తల్లికి మెగ్నీషియం వెళ్లినా యూనిట్ పెద్ద డాక్టరుతో మాట్లాడి వేరే యాంటీబయాటిక్ ఎంచుకోండి.

తేనె అడగకపోవడం. పుట్టగానే తేనె నాకించే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. రెండు వారాలు దాటిన బిడ్డకు విరేచనం ఆగి, తర్వాత రెప్పలు వాలి, ఏడుపు సన్నబడితే బొట్యులిజం గుర్తుకు రావాలి.

మయస్తీనియా అనుమానంతో నీస్టిగ్మిన్ ఇచ్చి చూడటం. అట్రోపిన్, బ్యాగు, మాస్కు సిద్ధంగా లేని చోట ఈ పరీక్ష చేయొద్దు.

ఒక చెయ్యే కదలకపోతే "హైపోటోనియా" అనడం. అది భుజం నరాల దెబ్బ లేదా ఎముక విరగడం. భుజం, జత్రువు (మెడ కింది ఎముక) తడిమి ఎక్స్‌రే తీయండి.

## 10. ఎవరిని, ఎప్పుడు, ఎలా పంపాలి

ఇవాళే పంపాల్సినవాళ్లు: ఊపిరి ఆగుతున్నవాళ్లు, పొట్ట ఊపిరి, చప్పరించలేనివాళ్లు, ఫిట్స్, అమ్మోనియా లేదా ఆమ్లత ఎక్కువ, నాలుక అలలు, రిఫ్లెక్స్‌లు లేనివాళ్లు. ఎస్‌ఎంఏ అనుమానమైతే "నెల తర్వాత రండి" అనడానికి వీల్లేదు. దానికిప్పుడు మందులున్నాయి. నాడీకణాలు పోకముందు మొదలుపెడితేనే అవి బాగా పనిచేస్తాయి, పోయిన కణం తిరిగి రాదు. 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానం కింద హైదరాబాదులో సీడీఎఫ్‌డీ (డీఎన్‌ఏ పరిశోధన కేంద్రం), నిమ్స్ ఆసుపత్రి కలిసి ఒక ఉత్కృష్ట కేంద్రంగా ఉన్నాయి. అర్హులకు రూ.50 లక్షల దాకా చికిత్స సాయం ఇలాంటి కేంద్రాల ద్వారానే వస్తుంది, కాబట్టి కాగితాలు అటే పంపాలి.

స్థిరంగా ఉన్నవాళ్లు: బలం ఉండి, పాలు తాగుతూ, కాస్త మెత్తగా ఉన్న బిడ్డను 7, 14, 28 రోజులకు మళ్లీ చూడండి. జిల్లా ముందస్తు జోక్య కేంద్రంలో పేరు నమోదు చేయించండి. ఆశా కార్యకర్త ఇంటికి వచ్చే 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో పాలు, బరువు, ఊపిరి చూడమని కాగితం మీద రాసివ్వండి.

రిఫరల్ చీటీలో ఉండాల్సినవి:

- పుట్టిన వారాలు, బరువు, ఇవాళ్టి వయసు రోజుల్లో
- బిగువు, బలం విడివిడిగా. పరీక్ష చేసిన సమయం, అప్పుడు బిడ్డ ఏ స్థితిలో ఉంది
- మోకాలి రిఫ్లెక్స్, నాలుక, ముఖం
- తల్లికి ఇచ్చిన మందులు, బిడ్డకు ఇచ్చిన మందులు, గంటలతో సహా
- తల్లి చెయ్యి పరీక్ష ఫలితం
- పంపిన రక్త పరీక్షలు, రావాల్సినవి
- అనుమతితో తీసిన ఒక నిమిషం వీడియో, ఎత్తకుండా పడుకోబెట్టి

108లో పంపేటప్పుడు నోటిద్వారా కడుపులోకి గొట్టం వేసి కడుపు ఖాళీ చేయండి. భుజాల కింద సన్నగా మడిచిన గుడ్డ పెట్టి, ఆక్సిజన్ మీటరు తగిలించి పంపండి.

ఇంటికి పంపేటప్పుడు: చేతులు పట్టి లేపొద్దని, తల కింద ఒక చెయ్యి, పిరుదుల కింద ఒక చెయ్యి పెట్టే ఎత్తాలని చేసి చూపించండి. కాళ్ల మీద పడుకోబెట్టి, కాళ్లు చేతులు అడ్డంగా లాగుతూ నీళ్లు పోసే స్నానం ఈ బిడ్డకు వద్దు. తుంటి జారుతుంది, నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఆ మాట తల్లితో కాదు, స్నానం పోసే అమ్మమ్మతో, నాయనమ్మతో చెప్పాలి. పాలు తాగుతూ నీలం తిరిగినా, గంటల తరబడి తాగకపోయినా, ఊపిరికి పొట్ట ఎగిరెగిరి పడినా ఫోన్ చేసి అడగడం కాదు, బిడ్డను తీసుకుని బయల్దేరమని చెప్పండి.